బయోఇన్ఫర్మాటిక్స్ అధ్యయనం: ఉద్దేశాలు, లక్ష్యాలు

జీవుల గురించి పోగుపడిన సమాచారాన్ని గణితం, సంఖ్యాశాస్త్రం, కంప్యూటర్ల సాయంతో భద్రపరచి, పోల్చి చూసి, జీవశాస్త్ర ప్రశ్నలకు జవాబులు రాబట్టే శాస్త్రం బయోఇన్ఫర్మాటిక్స్. తెలుగులో జీవసమాచార శాస్త్రం అని కూడా అంటారు. డీఎన్‌ఏ, ఆర్‌ఎన్‌ఏ, ప్రోటీన్ల వరుసలే దీనికి ప్రధానమైన ముడిసరుకు. డీఎన్‌ఏ అంటే ఎ, టి, జి, సి అనే నాలుగు అక్షరాల వరుస. ప్రోటీన్ అంటే ఇరవై రకాల అమైనో ఆమ్లాల వరుస. వరుసగా రాయగలిగిన దేన్నయినా కంప్యూటర్‌లో దాచవచ్చు, వెతకవచ్చు, మరో వరుస పక్కన పెట్టి చూడవచ్చు. ఈ శాస్త్రం మొత్తం ఆ చివరి పని మీదే నిలబడింది.

తెలిసినదానితో పోల్చి తెలియనిదాని గురించి ఒక అంచనాకు రావడం, ఆ అంచనాను ఎంతవరకు నమ్మవచ్చో లెక్కగట్టడం, ప్రయోగశాలలో పరీక్షించదగ్గ ప్రశ్నగా దాన్ని మలచడం. బయోఇన్ఫర్మాటిక్స్ చదవడంలోని అసలు ఉద్దేశం ఈ మూడింటిలో ఉంది. నాలుగు సాఫ్ట్‌వేర్లు నడపడం వస్తే చాలనే అభిప్రాయం విద్యార్థుల్లో చాలామందికి ఉంది. అది వాళ్లకే నష్టం. సాఫ్ట్‌వేర్లు మారిపోతూనే ఉంటాయి. రెండు వరుసల మధ్య కనిపించిన పోలిక నిజమైన చుట్టరికమా, కాకతాళీయమా అన్న ప్రశ్న మాత్రం 1960ల్లో ఎలా ఉందో ఇప్పుడూ అలాగే ఉంది.

అవసరం ఎలా పుట్టింది

1950ల తొలి సంవత్సరాల్లో కేంబ్రిడ్జిలో ఫ్రెడరిక్ సాంగర్ ఇన్సులిన్‌లోని 51 అమైనో ఆమ్లాలు ఏ క్రమంలో ఉన్నాయో తేల్చారు. ప్రతి ప్రోటీన్‌కూ తనదైన కచ్చితమైన వరుస ఉంటుందని దానితో రుజువైంది. 1958లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఆ తర్వాత ఒక్కొక్క ప్రోటీన్ వరుసా బయటపడుతుంటే, వాటిని ఒకచోట చేర్చి పోల్చాలన్న ఆలోచన అమెరికా శాస్త్రవేత్త మార్గరెట్ డేహాఫ్‌కు వచ్చింది. 1962లోనే ఆమె రాబర్ట్ లెడ్లీతో కలిసి ఐబీఎం 7090 కంప్యూటర్ మీద, ముక్కలుగా దొరికిన ప్రోటీన్ వరుసలను అతికించే ప్రోగ్రాం రాశారు. 1965లో 65 ప్రోటీన్ల వరుసలతో ఒక అట్లాసు అచ్చువేశారు. ఈ రంగంలో తొలి డేటాబేస్ ఆ పుస్తకమే. అమైనో ఆమ్లాలకు ఈనాటికీ వాడే ఒంటి అక్షరపు గుర్తులు కూడా ఆమె చలవే.

1970లో నెదర్లాండ్స్‌లో పౌలీన్ హోగెవెగ్, బెన్ హెస్పర్ ఈ రంగానికి ఇప్పటి పేరు పెట్టారు. 1971లో ఏడు ప్రోటీన్ల నిర్మాణాలతో, అంటే ఆకారాల వివరాలతో, ప్రోటీన్ డేటా బ్యాంక్ మొదలైంది. 1977లో సాంగర్ డీఎన్‌ఏ వరుసను చదివే పద్ధతిని కనిపెట్టి, సుమారు 5,400 అక్షరాలున్న ఒక వైరస్ జీనోమ్‌ను, అంటే దాని డీఎన్‌ఏ మొత్తాన్ని, పూర్తిగా చదివారు. ఆ పద్ధతి చేతికి రాగానే అక్షరాలు వరదలా వచ్చిపడ్డాయి. వాటిని దాచడానికి 1980లో ఐరోపాలో ఈఎంబీఎల్ భాండాగారం, 1982లో అమెరికాలో జెన్‌బ్యాంక్, కొన్నేళ్లకే జపాన్‌లో డీడీబీజే ఏర్పడ్డాయి. ఈ మూడూ తమ దగ్గరికి వచ్చిన వరుసలను ఒకదానితో ఒకటి పంచుకుంటాయి. ఎవరు ఎక్కడ చదివిన జన్యువైనా అందరికీ ఉచితంగా దొరకాలన్న ఈ ఏర్పాటు లేకపోతే బయోఇన్ఫర్మాటిక్స్ ఇంత తొందరగా ఎదిగేది కాదు. మన దేశంలో బయోటెక్నాలజీ విభాగం 1986లో ఏర్పడిన కొద్దికాలానికే విశ్వవిద్యాలయాల్లో, పరిశోధన సంస్థల్లో జీవసమాచార కేంద్రాలను నెలకొల్పి ఒక నెట్‌వర్క్‌గా కలపడం మొదలుపెట్టింది. ఇంటర్నెట్ సామాన్యులకు అందని రోజుల్లో అది చాలా ముందుచూపుతో చేసిన పని.

పోలిక నుంచి అర్థం

రెండు వరుసలను పక్కపక్కన పెట్టి పోల్చడం తేలిగ్గా కనిపిస్తుంది. అసలు చిక్కు ఖాళీల దగ్గర వస్తుంది. పరిణామక్రమంలో అక్షరాలు మారడమే కాదు, కొన్ని ఊడిపోతాయి, కొన్ని కొత్తగా చేరతాయి. అందుకని పోల్చేటప్పుడు ఎక్కడెక్కడ ఖాళీ వదలాలో కూడా తేల్చాలి. చెరో వంద అక్షరాలున్న రెండు వరుసలను ఖాళీలతో సర్దే విధానాలు ఎన్ని ఉంటాయో లెక్కవేస్తే, ఒకటి పక్కన 58 సున్నాలు పెట్టినా ఆ సంఖ్య దానికి మించిపోతుంది. అన్నింటినీ ఒక్కొక్కటిగా చూసే కంప్యూటర్ ఉండదు. 1970లో సాల్ నీడిల్‌మన్, క్రిస్టియన్ వున్ష్ దీనికి దారి చూపారు. ఒక వరుసను అడ్డంగా, రెండోదాన్ని నిలువుగా రాసి, మధ్యలో ఏర్పడే పదివేల గడులను మూల నుంచి ఒక్కొక్కటిగా నింపుకుంటూ రావాలి. ఒక గడిలోకి పైనుంచి, పక్కనుంచి, ఐమూలగా వచ్చే మూడు దారుల్లో ఎక్కువ స్కోరు ఇచ్చేదాన్ని ఆ గడిలో రాసుకోవాలి. చివరి గడికి చేరేసరికి అన్నింటికన్నా మంచి సర్దుబాటు ఖాయంగా దొరికినట్టే. ఈ పట్టికను కాగితం మీద, పెన్సిలుతో, ఒక్కసారైనా నింపి చూడని విద్యార్థికి ఈ శాస్త్రం చేతికి అందదని ఈ వ్యాసకర్త గట్టి నమ్మకం.

స్కోరు ఎలా ఇవ్వాలన్నది జీవశాస్త్ర జ్ఞానానికి సంబంధించిన విషయం. 1992లో స్టీవెన్ హెనికాఫ్, జోర్జా హెనికాఫ్ తయారుచేసిన బ్లోసమ్62 పట్టికలో ట్రిప్టోఫాన్‌కు ఎదురుగా ట్రిప్టోఫాన్ వస్తే 11 మార్కులు, అలనిన్‌కు అలనిన్ ఎదురైతే 4 మాత్రమే. ట్రిప్టోఫాన్ ప్రోటీన్లలో అరుదు, పైగా అది మారితే ప్రోటీన్ పనిచేయడం కష్టం. అలాంటిది రెండు చోట్లా ఒకే స్థానంలో కనిపించిందంటే ఆ రెంటికీ చుట్టరికం ఉందనడానికి గట్టి ఆధారం. ల్యూసిన్ స్థానంలో ఐసోల్యూసిన్ వచ్చినా 2 మార్కులు పడతాయి, ఎందుకంటే రెంటి స్వభావం దాదాపు ఒకటే. కోట్ల ఏళ్ల పరిణామ చరిత్ర ఆ చిన్న పట్టికలో అంకెలుగా ఒదిగింది.

డేటాబేస్‌లు పెరిగేకొద్దీ ప్రతి వరుసతోనూ ఇంత వివరంగా పోల్చే వ్యవధి లేకపోయింది. 1990లో వచ్చిన బ్లాస్ట్ ప్రోగ్రాం ముందుగా చిన్నచిన్న అక్షరగుచ్ఛాలు ఎక్కడ కలుస్తున్నాయో వెతికి, అక్కడి నుంచి రెండు వైపులా పొడిగించి చూస్తుంది. దొరికిన ప్రతి పోలికకూ ఒక ‘ఈ-విలువ’ ఇస్తుంది. ఇంత పెద్ద డేటాబేస్‌లో ఇంత మంచి పోలికలు కాకతాళీయంగా ఎన్ని దొరకవచ్చో ఆ విలువ చెబుతుంది. డేటాబేస్ రెట్టింపైతే అదే పోలికకు ఈ-విలువా రెట్టింపవుతుంది. నిరుడు నమ్మకంగా కనిపించిన బలహీనమైన పోలిక ఈ ఏడాది నిలవకపోవచ్చు. సంఖ్యాశాస్త్రం ఈ చదువులో అలంకారం కాదని తెలియడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

పోలిక ఎంత దూరం తీసుకెళ్లగలదో 1983లో ప్రపంచానికి తెలిసింది. కాలిఫోర్నియాలో రసెల్ డూలిటిల్ ప్రోటీన్ వరుసలను సొంతంగా పోగుచేసి పెట్టుకున్నారు. కోతుల్లో క్యాన్సర్ కలిగించే ఒక వైరస్‌లోని జన్యువు వరుసను, అప్పుడే బయటపడిన మరో ప్రోటీన్ వరుసతో కంప్యూటర్‌లో పోల్చి చూశారు. ఆ రెండో ప్రోటీన్ గాయాలు మానేటప్పుడు కణాలను పెరగమని ప్రేరేపించేది, రక్తంలోని ప్లేట్‌లెట్ల నుంచి వచ్చేది. రెండూ దాదాపు ఒకటేనని తేలింది. ఒంట్లో మామూలుగా పెరుగుదలకు పనికొచ్చే జన్యువునే వైరస్ ఎత్తుకుపోయి అదుపు లేకుండా పనిచేయిస్తోందన్నమాట. కణం మామూలుగా పెరగడానికీ, క్యాన్సర్‌గా మారడానికీ మధ్య ఉన్న సంబంధం రెండు అక్షరాల వరుసలను పోల్చినప్పుడు బయటపడింది. లండన్‌లో మరో బృందం కూడా అదే సమయంలో ఇదే నిర్ధారణకు వచ్చింది.

రెండో ఉదాహరణ ఇంకా గొప్పది. స్పెయిన్‌లోని అలికాంటె విశ్వవిద్యాలయంలో ఫ్రాన్సిస్కో మోహికా ఉప్పు మడుగుల్లో బతికే సూక్ష్మజీవుల డీఎన్‌ఏలో పదేపదే వచ్చే ఒక వింత వరుసను గమనించారు. ఆ పునరావృతాల మధ్య ఉన్న చిన్న ముక్కలు ఎక్కడివో ఏళ్ల తరబడి అంతుపట్టలేదు. ఆ ముక్కలను డేటాబేస్‌లో పెట్టి వెతుకుతూ ఉండగా, 2003లో వాటిలో కొన్ని బ్యాక్టీరియాకు సోకే వైరస్‌ల వరుసలతో సరిపోలాయి. ఒకసారి దాడిచేసిన వైరస్ ఆనవాళ్లను బ్యాక్టీరియా తన జీనోమ్‌లోనే దాచుకుంటోందని, అది వాటి రోగనిరోధక వ్యవస్థ అని ఆయన ఊహించారు. ఆ వ్యాసం కొన్ని పత్రికలు తిరస్కరించాక 2005లో వెలువడింది. క్రిస్పర్ అనే ఆ వ్యవస్థే 2012లో జన్యువులను కత్తిరించే పరికరంగా మారి, 2020లో ఎమ్మాన్యుయెల్ షార్పాంటియే, జెన్నిఫర్ డౌడ్నాలకు నోబెల్ తెచ్చింది.

జీనోమ్‌ను కూర్చడం, చదవడం

డీఎన్‌ఏను మొదటి నుంచి చివరి దాకా ఒక్క ఊపున చదివే యంత్రం లేదు. ముక్కలుగా చదివి, ఒకదాని కొస మరోదాని మొదలుతో ఎక్కడ కలుస్తుందో చూసి అతకాలి. 1995లో హీమోఫిలస్ ఇన్‌ఫ్లుయెంజే అనే బ్యాక్టీరియా జీనోమ్ ఇలా కంప్యూటర్‌లో పూర్తిగా కూర్చబడింది. స్వతంత్రంగా బతికే జీవి ఒకదాని జీనోమ్ మొత్తం మనిషి చేతికి రావడం అదే మొదలు. దాని పొడవు 18.3 లక్షల అక్షరాలు. మానవ జీనోమ్ పొడవు సుమారు 300 కోట్లు. అందులో సగం దాకా పునరావృతాలే కాబట్టి ఏ ముక్క ఎక్కడిదో తేల్చడం అసాధారణమైన చిక్కుముడి. 1990లో మొదలైన మానవ జీనోమ్ ప్రాజెక్టు ముక్కలను చదివిపెట్టినా, 2000 సంవత్సరం వేసవి దగ్గరపడేదాకా వాటిని అతికించే ప్రోగ్రాం సిద్ధం కాలేదు. శాంటాక్రూజ్‌లో పరిశోధక విద్యార్థిగా ఉన్న జిమ్ కెంట్ దాదాపు నాలుగు వారాల్లో దాన్ని రాసి, వంద మామూలు కంప్యూటర్ల మీద నడిపారు. ఆ ముసాయిదాను ఆ జూలైలో ఇంటర్నెట్‌లో అందరికీ అందుబాటులో పెట్టారు. 2003లో ప్రాజెక్టు ముగిసిందని ప్రకటించినా, ఎనిమిది శాతం భాగం చదవలేనిదిగానే మిగిలిపోయింది. పొడవైన ముక్కలను చదివే యంత్రాలు వచ్చాక 2022లో ఆ లోటు తీరింది.

కూర్చడం సగం పని. అందులో జన్యువులు ఎక్కడున్నాయి, అవి ఎప్పుడు ఏ కణంలో పనిచేస్తాయి, ప్రోటీన్‌గా మారని మిగతా భాగం ఏం చేస్తోంది? మనిషిలో ప్రోటీన్లను తయారుచేసే జన్యువులు సుమారు 20,000. వాటిలో ప్రోటీన్‌గా మారే భాగాలు జీనోమ్‌లో ఆక్రమించే చోటు రెండు శాతం కన్నా తక్కువ. మిగతా భాగంలోని నియంత్రణ కేంద్రాలను గుర్తించడం ఈనాటి పరిశోధనల్లో పెద్ద లక్ష్యం.

వరుస నుంచి ఆకారానికి

ప్రోటీన్ పని దాని ఆకారంలో ఉంటుంది. ఆ ఆకారం ఎలా ఉండాలన్నది అమైనో ఆమ్లాల వరుసలోనే రాసి ఉందని క్రిస్టియన్ అన్‌ఫిన్సెన్ చూపి 1972లో నోబెల్ అందుకున్నారు. అలాగైతే వరుసను బట్టి ఆకారాన్ని లెక్కగట్టగలగాలి. ఇందులో పునాది రాయి మన దక్షిణాదిలో పడింది. మద్రాసు విశ్వవిద్యాలయంలో జి.ఎన్. రామచంద్రన్, సి. రామకృష్ణన్, వి. శశిశేఖరన్‌లతో కలిసి 1963లో ఒక పటం గీశారు. ప్రోటీన్ గొలుసులో ప్రతి కీలు దగ్గరా ఉండే రెండు కోణాలు ఏ విలువలు తీసుకుంటే పరమాణువులు ఒకదానికొకటి గుద్దుకోవో ఆ పటం చూపిస్తుంది. ప్రపంచంలో ఎక్కడ కొత్త ప్రోటీన్ నిర్మాణం తేలినా, అది సరిగా ఉందో లేదో చూసేందుకు ఈనాటికీ రామచంద్రన్ పటాన్నే వాడతారు.

ఆకారాన్ని ఊహించే పోటీ 1994 నుంచి రెండేళ్లకోసారి కాస్ప్ పేరుతో జరుగుతోంది. 2020లో గూగుల్‌కు చెందిన డీప్‌మైండ్ తెచ్చిన ఆల్ఫాఫోల్డ్2 అందులో చాలా ప్రోటీన్లకు ప్రయోగాలతో పోటీపడగల కచ్చితత్వం చూపింది. 2022 నాటికి 20 కోట్లకు పైగా ప్రోటీన్ల అంచనా ఆకారాలు ఉచితంగా అందుబాటులోకి వచ్చాయి. 2024 రసాయనశాస్త్ర నోబెల్ ఇందుకుగాను డెమిస్ హసాబిస్, జాన్ జంపర్‌లకు, కొత్త ప్రోటీన్ల రూపకల్పనకు డేవిడ్ బేకర్‌కు దక్కింది. కృత్రిమ మేధ విజయంగా దీన్ని చెప్పుకుంటున్నారు, అది నిజమే. ఆ మేధకు ఆహారం మాత్రం పోలికే. ఒక ప్రోటీన్‌కు వేలాది జీవుల్లో ఉన్న బంధువులను వరుసగా పేర్చి చూస్తే, ఒకచోట అమైనో ఆమ్లం మారినప్పుడల్లా మరోచోట కూడా మారే జంటలు కనిపిస్తాయి. అవి ఆకారంలో పక్కపక్కన ఉన్నాయనడానికి అది సూచన. ప్రోటీన్ డేటా బ్యాంక్‌లో యాభై ఏళ్లుగా శాస్త్రవేత్తలు జమచేసిన నిర్మాణాలు దానికి పాఠ్యపుస్తకమయ్యాయి. ఆల్ఫాఫోల్డ్ ప్రతి భాగానికీ నమ్మకపు స్కోరు ఇస్తుంది. 50కి లోపు స్కోరు వచ్చిన భాగాన్ని ఆకారంగా చదవకూడదు. తెర మీద అందంగా కనిపించే బొమ్మను చూసి ఆ సంగతి మరిచిపోవడం కొత్తవారిలో ఎక్కువ.

వైద్యంలో లక్ష్యాలు

సికిల్ సెల్ వ్యాధి మూలం ఒకే ఒక్క అక్షరం. హీమోగ్లోబిన్ జన్యువులో జి-ఎ-జి ఉండాల్సిన చోట జి-టి-జి ఉంటుంది. దాంతో గ్లుటామిక్ ఆమ్లం బదులు వాలిన్ చేరి, ఆక్సిజన్ తగ్గినప్పుడు ఎర్రరక్తకణం కొడవలిలా వంగిపోతుంది. తల్లి కడుపులో ఉన్నప్పుడు పనిచేసే పిండ హీమోగ్లోబిన్ పెద్దయ్యాక కూడా ఎక్కువగా ఉన్నవారిలో ఈ జబ్బు తీవ్రత తగ్గుతుందని వైద్యులకు ముందే తెలుసు. అది కొందరిలో ఎందుకు ఎక్కువ ఉంటుంది? చాలామంది జీనోమ్‌లలో లక్షలాది స్థానాలను ఒక్కసారిగా పోల్చిన అధ్యయనాలు 2007, 2008లలో బీసీఎల్11ఏ అనే జన్యువును చూపించాయి. పిండ హీమోగ్లోబిన్‌ను ఆపివేసే మీట అదే. ఆ మీటను ఎర్రరక్తకణాలలో పనిచేయనీయకుండా క్రిస్పర్‌తో కత్తిరించే చికిత్స క్యాస్‌జెవీకి 2023 నవంబరులో బ్రిటన్, డిసెంబరులో అమెరికా అనుమతి ఇచ్చాయి. మోహికా ఉప్పు మడుగుల పోలిక, మనుషుల జీనోమ్‌ల పోలిక ఒకే మందులో కలిశాయి. అమెరికాలో దాని ధర 22 లక్షల డాలర్లు. ఆంధ్ర, తెలంగాణ ఏజెన్సీ గూడేల్లో ఈ వ్యాధితో నలిగిపోతున్న కుటుంబాలకు అది అందనంత దూరం. ప్రస్తుతానికి వారికి ఆసరా 2023 జూలైలో కేంద్రం మొదలుపెట్టిన పరీక్షల కార్యక్రమమే. ఈ దూరాన్ని తగ్గించడం కూడా ఈ చదువు చదివేవాళ్ల లక్ష్యాల్లో ఒకటి కావాలి.

మన జనాభా విషయంలో బయోఇన్ఫర్మాటిక్స్ చేసిన పని ప్రత్యేకంగా చెప్పుకోదగ్గది. హైదరాబాద్‌లోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రం (సీసీఎంబీ) శాస్త్రవేత్తలు కుమారసామి తంగరాజ్, లాల్జీ సింగ్, హార్వర్డ్‌కు చెందిన డేవిడ్ రైక్ బృందంతో కలిసి 2009లో 25 భారతీయ సమూహాలకు చెందిన 132 మంది జీనోమ్‌లను పోల్చారు. ఈనాటి భారతీయుల్లో చాలామంది రెండు ప్రాచీన జనసమూహాల కలయికతో ఏర్పడినవారని, ఆ తర్వాత ఎన్నో సమూహాలు తమలో తామే పెళ్లిళ్లు చేసుకుంటూ వచ్చాయని తేలింది. కొద్దిమంది పూర్వీకుల నుంచి విస్తరించిన సమూహంలో, ఆ పూర్వీకులలో ఒకరికి ఉన్న అరుదైన లోపం తరతరాలుగా ఎక్కువమందికి చేరుతుంది. ఇద్దరి డీఎన్‌ఏలో ఒకే పూర్వీకుడి నుంచి మార్పు లేకుండా వచ్చిన పొడవైన ముక్కలు ఎన్ని ఉన్నాయో కొలిస్తే దీని తీవ్రత తెలుస్తుంది. 2017లో 260కి పైగా దక్షిణాసియా సమూహాలను ఇలా కొలిచినప్పుడు, 81 సమూహాల్లో ఈ ప్రభావం ఫిన్‌లాండ్ ప్రజల్లో, అష్కెనాజీ యూదుల్లో కన్నా ఎక్కువగా కనిపించింది.

దీనికి మన దగ్గరి ఉదాహరణ వైశ్య సమాజం. ఆపరేషన్‌కు ముందు కండరాలు సడలడానికి ఇచ్చే సక్సినైల్‌కోలిన్ మందును రక్తంలోని బ్యూటిరైల్‌కోలినెస్టరేజ్ ఎంజైమ్ కొద్ది నిమిషాల్లో విరిచేస్తుంది. ఆ ఎంజైమ్ లేనివారికి మందు ప్రభావం గంటల తరబడి ఉండి, ఊపిరి తీసుకోలేని స్థితి వస్తుంది, వెంటిలేటర్ మీద ఉంచాలి. ఈ లోపం వైశ్యుల్లో ఇతరులకన్నా సుమారు వంద రెట్లు ఎక్కువ. ఎంజైమ్‌లో 307వ స్థానంలో ల్యూసిన్ బదులు ప్రోలిన్ రావడం దీనికి కారణమని 2006లో తేలింది. సంగతి ముందే తెలిసిన మత్తు డాక్టరు వేరే మందు వాడతారు, అంతటితో ప్రమాదం తప్పుతుంది. ఇది ఏ ఒక్క సమాజానికో సంబంధించిన లోపమని అనుకోవడం పొరపాటు. ఏ కులంలో, ఏ తెగలో ఏ అరుదైన మార్పు పేరుకుందో మిగతావారి విషయంలో ఇంకా వెతకాల్సే ఉంది. సీఎస్‌ఐఆర్ ఆధ్వర్యంలో వెయ్యి మందికి పైగా భారతీయుల జీనోమ్‌లను చదివిన ఇండిజెన్, 2020లో మొదలై పదివేల మంది జీనోమ్‌లను చదివిన జీనోమ్ ఇండియా ప్రాజెక్టు ఆ వెతుకులాటకు ఆధారాలు.

అంటువ్యాధుల విషయంలో కరోనా అనుభవం అందరికీ గుర్తే. సుమారు 29,900 అక్షరాల ఆ వైరస్ జీనోమ్ 2020 జనవరి రెండో వారానికల్లా ఇంటర్నెట్‌లోకి వచ్చింది. దాన్ని చూసి, వైరస్ చేతికి రాకముందే, పరీక్షల కిట్లకు, టీకాలకు రూపకల్పన మొదలైంది. ఆ డిసెంబరులో దేశంలో ఏర్పడిన ఇన్సాకాగ్ ప్రయోగశాలల బృందంలో సీసీఎంబీ కూడా ఉంది. రోగుల నుంచి సేకరించిన వైరస్‌ల వరుసలను పోల్చుతూ ఏ కొత్త రకం ఎక్కడ పెరుగుతోందో ఆ బృందం గమనిస్తూ వచ్చింది.

పొలంలో

బాపట్లలో పుట్టి 1986లో విడుదలైన సాంబ మసూరి, అంటే రైతులు బీపీటీ అని పిలిచే 5204 రకం, తెలుగువారికి ఇష్టమైన సన్నబియ్యం. దాని బలహీనత బ్యాక్టీరియా ఎండాకు తెగులు. తట్టుకునే గుణం ఎక్స్‌ఏ21, ఎక్స్‌ఏ13, ఎక్స్‌ఏ5 అనే మూడు జన్యువుల్లో ఉంది. మూడూ ఒకే మొక్కలో ఉంటే రక్షణ గట్టిగా ఉంటుంది. మొక్కను చూసి ఎంపిక చేద్దామంటే కుదరదు. ఒక్క జన్యువు ఉన్నా మొక్క తెగులును తట్టుకోవచ్చు కాబట్టి, మిగతా రెండూ ఉన్నాయో లేదో పైకి తెలియదు. పైగా వాటిలో రెండు, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి చొప్పున జతగా వస్తే తప్ప పనిచేయని అంతర్గత జన్యువులు. అందుకని ఆయా జన్యువులకు ఆనుకుని ఉండే డీఎన్‌ఏ గుర్తులను, అంటే మార్కర్లను, ప్రతి తరంలోనూ నారు దశలోనే ఆకు ముక్క నుంచి పరీక్షించి మొక్కలను ఏరారు. సీసీఎంబీ, హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని వరి పరిశోధన సంస్థ కలిసి ఇలా తయారుచేసిన మెరుగైన సాంబ మసూరి 2008లో విడుదలైంది. ఇందులో బయటి జన్యువును యంత్రంతో చొప్పించింది లేదు, మామూలు సంకరణమే. ఏ మొక్కను ఉంచాలో ఏది తీసేయాలో డీఎన్‌ఏ చెప్పింది. 2005లో వరి జీనోమ్ అంతర్జాతీయంగా, భారతదేశ భాగస్వామ్యంతో, పూర్తయ్యాక ఇలాంటి మార్కర్లను వెతకడం ఎంతో సులువైంది.

పటాన్‌చెరులోని ఇక్రిశాట్ నాయకత్వంలో కంది జీనోమ్ వెలువడింది 2011 చివర్లో. ఆశ అనే రకాన్ని అందుకు ఎంచుకున్నారు. 48,680 జన్యువులు ఉండవచ్చని అంచనా వేశారు. పప్పు లేనిదే అన్నం ముట్టని మనకు కంది ముఖ్యమే కానీ, ధనిక దేశాల పరిశోధకులకు అది పట్టని పంట. అలాంటి పంటల జీనోమ్‌లను మనమే చదువుకోవాలి. 2021లో అదే సంస్థ శాస్త్రవేత్తల నాయకత్వంలో 3,366 శనగ రకాల జీనోమ్‌లను పోల్చిన అధ్యయనం వచ్చింది. సాగులోకి తెచ్చేటప్పుడు పోగొట్టుకున్న గుణాలను అడవి శనగల్లోంచి తిరిగి వెతికి పట్టుకోవడం దాని ఉద్దేశాల్లో ఒకటి.

తప్పులను పట్టుకునే విద్య

అనుమానించడం నేర్పడం ఈ చదువు లక్ష్యాల్లో ముఖ్యమైనది. పది లక్షల స్థానాలను ఒక్కొక్కటిగా పరీక్షించి, ఇరవైలో ఒకటి తప్పయినా ఫరవాలేదనుకుంటే, ఏ సంబంధమూ లేకుండానే యాభై వేల స్థానాలు జబ్బుకు కారణాలుగా కనిపిస్తాయి. అందుకే అలాంటి అధ్యయనాల్లో తప్పుకు అవకాశం రెండు కోట్లలో ఒకటి కన్నా తక్కువ ఉండాలని నియమం పెట్టుకున్నారు.

ఇంకో రకం తప్పు మరీ మామూలుగా జరుగుతుంది. సెప్ట్2 అనే జన్యువు పేరును ఎక్సెల్ పట్టికలో పెడితే అది సెప్టెంబరు 2వ తేదీగా మారిపోతుంది. ఎక్సెల్‌లో జన్యువుల జాబితాలు జతచేసిన పరిశోధన వ్యాసాల్లో దాదాపు ఐదో వంతు ఇలాంటి తప్పులతో ఉన్నాయని 2016లో ఒక పరిశీలన తేల్చింది. చివరికి 2020లో ఆ జన్యువుల పేర్లనే మార్చాల్సి వచ్చింది. డేటాబేస్‌లో ఒక జన్యువుకు ఎవరో తప్పు పని అంటగడితే, దానితో పోలిక ఉన్న ప్రతి కొత్త జన్యువుకూ అదే తప్పు అంటుకుంటూ పోతుంది. మూలం దాకా వెళ్లి, ఈ పనిని ప్రయోగంలో చూసినవారు ఎవరైనా ఉన్నారా అని అడిగే అలవాటు పాఠంతో పాటే రావాలి.

ప్రమాణంగా పెట్టుకున్న జీనోమ్ ఎవరిదన్నది కూడా అడగాల్సిన ప్రశ్నే. మానవ జీనోమ్ ప్రాజెక్టు ఇచ్చిన వరుసలో దాదాపు 70 శాతం అమెరికాకు చెందిన పేరు తెలియని ఒకే దాత నుంచి వచ్చింది. జబ్బులకూ జన్యువులకూ సంబంధం వెతికిన అధ్యయనాల్లో అత్యధికం ఐరోపా సంతతివారి మీద జరిగినవే. అక్కడ లెక్కగట్టిన ప్రమాద సూచికను తెచ్చి కరీంనగర్‌లోనో కర్నూలులోనో ఒకరికి వర్తింపజేస్తే అది తప్పుదారి పట్టించవచ్చు. 2023లో 47 మంది జీనోమ్‌లతో వచ్చిన ఉమ్మడి ప్రమాణం ఈ లోటును పూడ్చే దిశలో మొదటి అడుగు.

ఏం చదవాలి

జీవశాస్త్రం, ముఖ్యంగా అణు జీవశాస్త్రం, జన్యుశాస్త్రం, పరిణామం, ఆ తర్వాత సంఖ్యాశాస్త్రం, ఆపైన ప్రోగ్రామింగ్. పైథాన్, ఆర్ భాషలు, లినక్స్ వాడకం లేకుండా ఈనాడు పని జరగదు. గణితం నుంచి వచ్చినవారు జీవశాస్త్రాన్ని బట్టీ పట్టే విషయంగా చూస్తారు, జీవశాస్త్రం నుంచి వచ్చినవారు గణితానికి భయపడతారు. రెండూ మానుకోవాలి. హైదరాబాద్‌లో ట్రిపుల్ ఐటీ, హైదరాబాద్ విశ్వవిద్యాలయం, సీసీఎంబీ, సీడీఎఫ్‌డీలలో ఈ రంగంలో బోధనో పరిశోధనో సాగుతోంది. జెన్‌బ్యాంక్, ప్రోటీన్ డేటా బ్యాంక్ అందరికీ ఉచితమే కాబట్టి, చిన్న ఊరి డిగ్రీ కాలేజీ విద్యార్థికీ పెద్ద విశ్వవిద్యాలయం విద్యార్థికీ అందే ముడిసరుకు ఒకటే. మందుల కంపెనీలు, వ్యాధి నిర్ధారణ సంస్థలు, విత్తన పరిశోధన సంస్థలు ఉద్యోగాలు ఇస్తాయి. మంచి ఉద్యోగాలకు చాలాచోట్ల పీజీ, పీహెచ్‌డీ అడుగుతారు.

డేటా ఎవరిది

జీనోమ్‌లో ఒక మనిషి సమాచారమే కాదు, తల్లిదండ్రులది, పిల్లలది, తోబుట్టువులది కూడా ఉంటుంది. 1951లో హెన్రియెటా లాక్స్ అనే నల్లజాతి మహిళ శరీరం నుంచి ఆమె అనుమతి లేకుండా తీసిన కణాలను ప్రపంచమంతా ప్రయోగశాలల్లో పెంచుతున్నారు. 2013 మార్చిలో ఆ కణాల జీనోమ్‌ను కుటుంబానికి చెప్పకుండానే ప్రచురించారు. అభ్యంతరాలు వచ్చాక వెనక్కి తీసుకున్నారు. ఆ ఆగస్టులో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ కుటుంబంతో ఒక ఒప్పందానికి వచ్చింది. డేటా కావాలన్న పరిశోధకుల దరఖాస్తులను చూసే బృందంలో ఆ కుటుంబ సభ్యులు ఇద్దరికి చోటిచ్చారు.

మన దేశంలో జీవసమాచారాన్ని పంచుకునే నియమాలను బయోటెక్నాలజీ విభాగం 2021లో ప్రకటించింది. మరుసటి ఏడాది ఫరీదాబాద్‌లో భారతీయ జీవసమాచార కేంద్రాన్ని జాతికి అంకితం చేశారు. జీనోమ్ ఇండియా డేటాను 2025 జనవరి నుంచి పరిశోధకులు అక్కడి నుంచే, దరఖాస్తు చేసుకుని, షరతులకు లోబడి తీసుకునే ఏర్పాటు ఉంది. రక్త నమూనా ఇచ్చిన సమూహాలకు తమ గురించి ఏం తేలిందో వాళ్ల భాషలో చెప్పే ఏర్పాటు కూడా అంతే పకడ్బందీగా ఉండాలి. దానికి జీవశాస్త్రం, గణాంకాలు, స్థానిక భాష మూడూ తెలిసినవాళ్లు కావాలి.